సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ రాశారా? ఎలా వేసుకోవాలి, ఎప్పుడు ఆపాలి

ముందు స్ట్రిప్ చేతిలోకి తీసుకోండి. బ్రాండ్ పేరు సంగతి వదిలేసి లోపలున్న అసలు మందు పేరు చదవండి. సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, మోక్సిఫ్లాక్సాసిన్, నార్‌ఫ్లాక్సాసిన్, వీటిలో ఏది కనిపించినా ఇక్కడ రాసిందంతా మీకు పనికొస్తుంది. ఇవన్నీ ఫ్లోరోక్వినలోన్లు అనే ఒకే కుటుంబం యాంటీబయాటిక్స్. మోషన్స్ అవుతున్నాయని మందుల షాపులో అడగ్గానే కత్తిరించి ఇచ్చే, పేరు చివర ఓజెడ్ అనో టీజెడ్ అనో ఉండే మాత్రలు చూసే ఉంటారు, వాటిలో కూడా ఇదే ఉంటుంది: ఓజెడ్ అంటే ఆఫ్లాక్సాసిన్‌తో ఓర్నిడజోల్, టీజెడ్ అంటే నార్‌ఫ్లాక్సాసిన్‌తో టినిడజోల్. చాలామందికి తాము మింగింది యాంటీబయాటిక్ అనే తెలీదు, "మోషన్ మాత్ర" అంతే.

ఈ మందుల గురించి రెండు రకాల మాటలు వినబడుతుంటాయి. "ఏం కాదు, మూడ్రోజులు వేసుకో" అనేది ఒకటి. ఫోన్లో ఏదో చదివేసి "అమ్మో, నరాలు తెగిపోతాయట" అని డాక్టర్ రాసిన మందు పక్కన పడేయడం రెండోది. నన్నడిగితే రెండూ తప్పే. కిడ్నీ దాకా పాకిన ఇన్ఫెక్షన్‌కో, మొండి టీబీకో ఇవి నిజంగా కాపాడే మందులు. అదే రెండ్రోజుల్లో దానంతటదే తగ్గిపోయే విరేచనాలకు వేసుకుంటే లాభం దాదాపు సున్నా, రిస్కు మాత్రం మీదే. ఆ రిస్కులో కొంత భాగం ఇంట్లో మందుల డబ్బాలో ముందే ఉన్నవాటితో ఈ మాత్ర కలిసినప్పుడు వచ్చేదే. ఆ డబ్బా సంగతి కాసేపట్లో చూద్దాం.

అసలు ఇది అవసరమేనా

ఇవి బ్యాక్టీరియా మీద పనిచేస్తాయి. బ్యాక్టీరియా రెండుగా చీలాలంటే తన డీఎన్‌ఏ చుట్టలను విప్పుకోవాలి, ఆ పని చేసే ఎంజైములను ఈ మందు పట్టేసుకుంటుంది, అక్కడితో దాని పని అయిపోతుంది. వైరస్‌లకు ఆ ఎంజైములతో పనే లేదు కాబట్టి జలుబు, మామూలు వైరల్ జ్వరం, డెంగీ వీటికి ఈ మాత్ర వేసుకున్నా వేసుకోకపోయినా ఒకటే.

విరేచనాల సంగతి కూడా అంతే అనుకోండి. నీళ్లలా అవుతున్నప్పుడు మనిషిని నిలబెట్టేది ఓఆర్‌ఎస్. రక్తం పడుతున్నా, జ్వరం గట్టిగా ఉన్నా, రెండ్రోజులు దాటినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి, యాంటీబయాటిక్ కావాలో వద్దో వాళ్లు చూసి చెప్తారు.

టైఫాయిడ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర రెండ్రోజులు జ్వరం వస్తే చాలు, విడాల్ అనే రక్తపరీక్ష చేయించి "టైఫాయిడ్ పాజిటివ్" అనేయడం, వెంటనే మందు మొదలుపెట్టేయడం మామూలైపోయింది. ఒక్కసారి చేసిన విడాల్‌ను నమ్మడానికి లేదు. గతంలో ఎప్పుడో వచ్చిన ఇన్ఫెక్షన్ వల్లా, వేరే జ్వరాల వల్లా కూడా అది పాజిటివ్ చూపిస్తుంది. నమ్మదగ్గది బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూడటం), అదీ యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందు రక్తం తీస్తేనే. ఒకప్పుడు టైఫాయిడ్‌కి సిప్రోఫ్లాక్సాసిన్ అద్భుతంగా పనిచేసేది. ఇప్పుడు మన దేశంలో తిరుగుతున్న టైఫాయిడ్ క్రిముల్లో ఎక్కువ శాతం దానికి సరిగ్గా లొంగడం లేదు, అందుకే డాక్టర్లు అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్, ముదిరితే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ వైపు వెళ్తున్నారు. పదేళ్ల కిందటి చీటీ తీసుకెళ్లి అదే మందు కొనుక్కుంటే ఎందుకు తగ్గట్లేదో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

మూత్రంలో మంటకీ ఇదే కథ. మందు మొదలుపెట్టే ముందే యూరిన్ కల్చర్‌కి ఇవ్వండి. రెండు మూడు రోజులకు వచ్చే రిపోర్టులో మందుల పేర్ల పక్కన ఎస్, ఐ, ఆర్ అని ఇంగ్లిష్ అక్షరాలుంటాయి. ఎస్ ఉంటే ఆ మందు పనిచేస్తుంది, ఆర్ ఉంటే పనిచేయదు, ఐ ఉంటే మధ్యరకం, అది డాక్టర్ తేల్చాలి. మీరు వేసుకుంటున్న సిప్రోఫ్లాక్సాసిన్ పక్కన ఆర్ కనిపిస్తే ఆ రిపోర్టు పట్టుకుని అదే రోజు డాక్టర్‌కి చూపించండి, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు.

అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లోనే సైనసైటిస్, బ్రాంకైటిస్, మామూలు మూత్ర ఇన్ఫెక్షన్లకు వేరే దారి ఉన్నప్పుడు ఈ మందులు వాడొద్దని చెప్పింది. బ్రిటన్ 2024 జనవరిలో ఇంకాస్త గట్టిగా, వేరే యాంటీబయాటిక్స్ కుదరని సందర్భంలోనే రాయాలంది. కాబట్టి "సార్, దీని బదులు వేరేది ఏదైనా సరిపోతుందా?" అని డాక్టర్‌ని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. సరిపోదంటే కారణం చెప్తారు, వేసుకోండి.

ఇంకో విషయం. రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే లెవోఫ్లాక్సాసిన్ సొంతంగా కొనుక్కోవద్దు, ముందు కఫం పరీక్ష చేయించుకోండి. ఈ మందు టీబీ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తుంది కాబట్టి నాలుగు రోజులు హాయిగా అనిపిస్తుంది, జబ్బు బయటపడటం ఆలస్యమవుతుంది, ఈలోపు ఆ క్రిమి మందుకు అలవాటు పడిపోవచ్చు. రేపు మామూలు మందులకు లొంగని టీబీ వస్తే చేతిలో ఉండే ముఖ్యమైన ఆయుధాలు ఈ లెవోఫ్లాక్సాసిన్, మోక్సిఫ్లాక్సాసిన్‌లే. మన దేశంలో ఈ రెండూ షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు షాపువాళ్లు రిజిస్టర్‌లో రాసుకోవాలి.

మందుల డబ్బా బయట పెట్టండి

ఇదే అసలు పని. షుగర్ డాక్టర్ ఒకరు, మోకాళ్ల డాక్టర్ ఇంకొకరు, జ్వరానికి వీధి చివర క్లినిక్ వేరొకరు. ఎవరు రాసింది వాళ్లకి తెలుసు, మొత్తం కలిపి చూసేది ఇంట్లో మీరొక్కరే. డబ్బాలో ఉన్నవన్నీ టేబుల్ మీద పరిచి ఫోటో తీసుకుని డాక్టర్‌కి చూపించండి. ముఖ్యంగా వెతకాల్సినవి ఇవి.

షుగర్ మాత్రలు, అందులోనూ గ్లిమెపిరైడ్, గ్లైబెంక్లమైడ్, గ్లిక్లజైడ్ లాంటివి, లేదా ఇన్సులిన్. ఫ్లోరోక్వినలోన్ తోడైతే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు, పెద్దవయసు వాళ్లలో కోమాలోకి వెళ్లిన సందర్భాలూ ఉన్నాయని 2018లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. కొందరికి పెరుగుతుంది కూడా. ఇదే కుటుంబంలో గాటిఫ్లాక్సాసిన్ అనే మాత్ర ఉండేది, షుగర్‌ను ఇలా అటూ ఇటూ ఆడిస్తోందని 2011లో మన దేశంలో మాత్రగా, ఇంజెక్షన్‌గా దాన్ని నిషేధించారు, ఇప్పుడు కంటి చుక్కలుగానే దొరుకుతుంది. అసలే జ్వరంలో సరిగా తినరు, షుగర్ మాత్ర మాత్రం అలవాటు ప్రకారం పడిపోతుంది, పైన ఇది. అందుకని కోర్సు నడిచినన్ని రోజులూ గ్లూకోమీటర్‌తో రోజుకు రెండు మూడుసార్లు చూడండి. చెమటలు, వణుకు, దడ, ఉన్నట్టుండి మాట తడబడటం కనిపిస్తే, మనిషి మెలకువగా ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెరో గ్లూకోజో నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మళ్లీ చెక్ చేసి, డాక్టర్‌కి ఫోన్ చేయండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

రక్తం పలచబడటానికి వాడే వార్ఫరిన్, అసినోకుమరాల్. వీటి పవర్ పెరిగి రక్తస్రావం కావచ్చు, రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష ముందుగానే చేయించాలి. ఉబ్బసానికి వాడే థియోఫిలిన్ ఉన్న మాత్రలు సిప్రోఫ్లాక్సాసిన్‌తో కలిస్తే ఒంట్లో వాటి మోతాదు ప్రమాదకరంగా పెరుగుతుంది. నడుం పట్టేసిందని ఇచ్చే మాత్రల్లో టిజానిడిన్ ఉంటే సిప్రోఫ్లాక్సాసిన్‌తో అసలు వేసుకోకూడదు, బీపీ దబ్బున పడిపోతుంది. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) దెబ్బతినే అవకాశం ఎక్కువ, దాని గురించి కింద చెప్తాను. వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్, డోంపెరిడోన్, ఇంకా అజిత్రోమైసిన్ లాంటివి కూడా ఈ మందులాగే గుండె లయ తప్పేలా చేయవచ్చు. ముందే గుండె జబ్బు ఉన్నవాళ్లు, పొటాషియం తక్కువున్నవాళ్లు వీటిలో ఏదైనా ఈ మందుతో పాటు ఒకే చీటీలో కనిపిస్తే అడిగి తెలుసుకోవాలి.

జబ్బుల్లో చూస్తే: ఫిట్స్ ఉన్నవాళ్లు, కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లు (మోతాదు మార్చాలి), బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం) ఉబ్బు ఉందని ఎప్పుడైనా స్కాన్‌లో చెప్పినవాళ్లు, జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలు తేలిగ్గా చితికిపోయే పుట్టుకతో వచ్చే లోపం) ఉన్నవాళ్లు ముందే ఆ మాట చెప్పాలి. మయస్తీనియా గ్రావిస్ (కండరాలు త్వరగా నీరసించిపోయే జబ్బు) ఉన్నవాళ్లు ఈ మందుకి దూరంగా ఉండాలి, శ్వాస కండరాలే బలహీనపడే ప్రమాదం ఉంది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, పిల్లలకు ఇది మొదట ఎంచుకునే మందు కాదు. పిల్లల డాక్టర్ ఆలోచించి రాస్తే అది వేరే సంగతి, కానీ పెద్దవాళ్ల మాత్రను సగం విరిచి పిల్లాడికి వేయడం మాత్రం వద్దే వద్దు.

వేసుకునే పద్ధతి

కాల్షియం, ఐరన్, జింక్, మెగ్నీషియం, అల్యూమినియం, ఇవి కడుపులో ఈ మందును పట్టుకుని గడ్డకట్టిస్తాయి, మందు రక్తంలోకి చేరదు. అంటే మీరు కోర్సు మొత్తం పద్ధతిగా వేసుకున్నట్టే ఉంటుంది, లోపల మాత్రం సగం మోతాదు కూడా అందకపోవచ్చు. కడుపుమంటకి తాగే గులాబీరంగు సిరప్‌లో ఉండేది అల్యూమినియం, మెగ్నీషియమే. పొద్దున్నే వేసుకునే ప్యాంటోప్రజోల్‌తో ఈ గొడవ లేదు. సుక్రాల్‌ఫేట్ సిరప్‌తో ఉంది. విరేచనాలకు పిల్లలకిచ్చే జింక్, ఆడవాళ్లకిచ్చే ఐరన్, మోకాళ్లకిచ్చే కాల్షియం, బలానికని వేసుకునే మల్టీవిటమిన్, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

సిప్రోఫ్లాక్సాసిన్ అయితే వీటికి రెండు గంటల ముందు గానీ, ఆరు గంటల తర్వాత గానీ వేసుకోవాలి. ఆఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్‌లకు అటూ ఇటూ రెండు గంటల తేడా చాలు. చెప్పడానికి గందరగోళంగా ఉంటుంది గానీ గడియారం పెట్టుకుంటే తేలికే: సిప్రోఫ్లాక్సాసిన్ 500 పొద్దున 8కి, రాత్రి 8కి అనుకుందాం. కాల్షియం మాత్రను 10కి ముందు వేసుకోవద్దు, మధ్యాహ్నం 2 దాటాక వేసుకోవద్దు. అంటే ఒంటిగంటకి భోజనంతో వేసుకుంటే అన్నీ సర్దుకుంటాయి. అంత లెక్క పెట్టుకోవడం కష్టమైతే, ఐదారు రోజులు కాల్షియం మానేస్తే ఏమవుతుందని డాక్టర్‌నే అడగండి. చాలాసార్లు "మానేయండి, ఏం కాదు" అనే అంటారు.

పాలతో, మజ్జిగతో, పాలలో కలుపుకునే బలం పొడులతో మాత్ర మింగకండి. మంచినీళ్లే, నిండా ఒక గ్లాసు. ఇడ్లీ, ఉప్మా తిన్నాక వేసుకోవచ్చు, వికారం తగ్గుతుంది కూడా. భోజనంలో కలిసిపోయిన కాస్త పెరుగు గురించి టెన్షన్ పడక్కర్లేదు గానీ, ఒంట్లో బాగోలేదని ఒట్టి పెరుగన్నమే తిని దాని మీద మాత్ర వేసుకోవడం మంచిది కాదు. రాగిజావలోనూ కాల్షియం బాగానే ఉంటుంది, దానికీ ఎడం ఇవ్వండి. రోజంతా నీళ్లు బాగా తాగాలి, లేకపోతే మందు మూత్రంలో స్ఫటికాలు కట్టే వీలుంది.

కాఫీ ప్రియులకో మాట: సిప్రోఫ్లాక్సాసిన్ కెఫీన్‌ను ఒంట్లోంచి త్వరగా పోనివ్వదు. రోజూ తాగే ఫిల్టర్ కాఫీయే రెండింతలు స్ట్రాంగ్‌గా తాగినట్టు గుండె దడ, నిద్ర పట్టకపోవడం మొదలైతే ఆశ్చర్యపోకండి, ఆ నాలుగు రోజులు తగ్గించేయండి.

ఎండ. మన ఎండాకాలం గురించి చెప్పేదేముంది, ఈ మందు వేసుకున్నప్పుడు చర్మం ఎండకు మామూలుకన్నా తొందరగా కమిలిపోతుంది. పొలం పనికి వెళ్లేవాళ్లు, బండి మీద తిరిగేవాళ్లు నిండు చేతుల చొక్కా, తలకి గుడ్డ మర్చిపోవద్దు. తల తిరుగుతున్నట్టుంటే బండి తీయొద్దు. ఓజెడ్ మాత్ర అయితే నోట్లో ఇనుము నాకినట్టు రుచి ఉంటుంది, అది పోతుంది; టీజెడ్ అయినా ఓజెడ్ అయినా ఆ రోజుల్లో మద్యం తాగొద్దు.

ఒక డోసు మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తర్వాతి డోసుకు ఆరు గంటల కంటే తక్కువ టైముంటే మాత్రం దాన్ని వదిలేయండి (ఇది రోజుకు రెండుసార్లు వేసుకునే సిప్రోఫ్లాక్సాసిన్ లెక్క). రెండూ కలిపి ఒకేసారి వేసుకోవడం ఎప్పుడూ వద్దు.

కోర్సు మధ్యలో ఆపాల్సిన సమయం

"యాంటీబయాటిక్ కోర్సు మధ్యలో ఆపకూడదు" అని మనందరికీ నూరిపోశారు. జ్వరం తగ్గింది కదా అని మీకు మీరే ఆపేయకూడదన్నది నిజమే. కానీ ఈ కుటుంబం మందుల విషయంలో కొన్ని లక్షణాలు కనిపిస్తే తర్వాతి మాత్ర వేసుకోకుండా డాక్టర్‌కి ఫోన్ చేయాలి. మిగిలిన కోర్సు వేరే మందుతో పూర్తి చేస్తారు.

మడమ వెనక, పిక్క నుంచి కిందికి దిగే గట్టి తాడు లాంటిది తడిమి చూస్తే చేతికి తగులుతుంది, దాన్నే టెండన్ అంటారు, మనవాళ్లు మామూలుగా నరం అనేస్తారు. అక్కడ నొప్పి, వాపు, పొద్దున లేచి అడుగు వేస్తే పట్టేసినట్టు ఉండటం. భుజం దగ్గరా, మణికట్టు దగ్గరా రావచ్చు. అది తైలం రాసి మర్దనా చేసే నొప్పి కాదు. కాలికి పని చెప్పకుండా కూర్చోండి, మాత్ర ఆపండి. టప్‌మని తెగిన చప్పుడు వస్తే, మడమ ఎత్తి మునివేళ్ల మీద నిలబడలేకపోతే వెంటనే ఎముకల డాక్టర్ దగ్గరికి. అరవై దాటినవాళ్లకి, స్టెరాయిడ్లు వాడేవాళ్లకి, కిడ్నీ, గుండె, ఊపిరితిత్తుల మార్పిడి అయినవాళ్లకి ఈ ప్రమాదం ఎక్కువని 2008 నుంచే అమెరికాలో మందు కాగితం మీద నల్ల డబ్బా కట్టి మరీ హెచ్చరిస్తున్నారు. ఇంకో ఇబ్బందేమిటంటే ఇది రెండ్రోజుల్లోనే రావచ్చు, కోర్సు అయిపోయిన కొన్ని నెలలకూ రావచ్చు, అప్పటికి ఈ మాత్ర సంగతే ఎవరికీ గుర్తుండదు.

పాదాల్లో, చేతుల్లో మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు ఉండటం. షుగర్ ఉన్నవాళ్లు "ఇది మాకు మామూలే" అనుకుని వదిలేస్తారు. కొత్తగా మొదలైనా, ఉన్నది ఒక్కసారిగా ఎక్కువైనా చెప్పాలి, కొందరికి ఇది శాశ్వతంగా ఉండిపోతుంది కాబట్టి త్వరగా ఆపడమే మేలు.

ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడటం, కంగారు, నిద్ర లేకపోవడం, లేనివి కనిపిస్తున్నాయనడం. జ్వరం తలకెక్కిందనుకుంటారు, వయసు మీద పడిందనుకుంటారు, మందు వల్ల కూడా కావచ్చని ఎవరికీ తట్టదు. షుగర్ పడిపోయిందేమో ముందు చూడండి, తర్వాత ఫోన్ చేయండి.

ఛాతీలో గానీ పొట్టలో గానీ నడుం వెనక గానీ హఠాత్తుగా చీల్చినట్టు నొప్పి వస్తే ఫోన్లతో కాలయాపన వద్దు, 108. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం చీలడం చాలా అరుదు, కానీ అది నిమిషాల మీద నడిచే వ్యవహారం. ముఖం, పెదాలు వాచి ఊపిరి ఆడకపోయినా అంతే. కోర్సు అయిపోయిన వారాల తర్వాత కూడా నీళ్ల విరేచనాలు ఆగకుండా, రక్తంతో అవుతుంటే లోపెరమైడ్ వేసి ఆపడానికి చూడకండి, పేగుల్లో వేరే క్రిమి పెరిగి ఉండొచ్చు, ఫలానా యాంటీబయాటిక్ వాడానని డాక్టర్‌కి చెప్పండి.

చుక్కల మందుల గురించి

కంట్లో, చెవిలో వేసే చుక్కల్లో కూడా ఇవే మందులుంటాయి. రక్తంలోకి చేరేది బాగా తక్కువ కాబట్టి పైన చెప్పిన భయాలు దాదాపు ఉండవు. చెవి చుక్కలు ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేస్తే కళ్లు తిరుగుతాయి, సీసాను రెండు నిమిషాలు గుప్పిట్లో పట్టుకుని వెచ్చబడ్డాక వేయండి. కళ్లకలకకు షాపులో ఇచ్చే చుక్కల్లో డెక్సామెథాసోన్ అని కూడా రాసి ఉంటే అది స్టెరాయిడ్, కంటి డాక్టర్ చూడకుండా వాడొద్దు. కంట్లో హెర్పిస్ అనే వైరస్ వల్ల వచ్చే పుండు లాంటిది ఉంటే అది ముదిరి చూపుకే ముప్పు వస్తుంది.

మిగిలిన మాత్రలు దాచుకోవద్దు, పక్కింటివాళ్లకు ఇవ్వొద్దు, కాలువలోనూ పడేయొద్దు. పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలు శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లను స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ప్రచురించిన లెక్క ప్రకారం, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ! అలాంటి నీళ్లలో బతికిన బ్యాక్టీరియాకి మన ఐదు రోజుల కోర్సు ఒక లెక్కా? దాని పక్కన మన ఇంట్లో మిగిలిన నాలుగు మాత్రలు ఎంతని మీరనొచ్చు, నిజమే, అయినా మన చేతిలో ఉన్నది ఆ నాలుగే.

ఈ మందుల్లో ఒక్కటి మీకు పడకపోయినా మొత్తం కుటుంబమే పడదన్నట్టు లెక్క. సిప్రోఫ్లాక్సాసిన్‌తో టెండన్ నొప్పి వస్తే రేపు ఇంకో డాక్టర్ లెవోఫ్లాక్సాసిన్ రాయకుండా, మీ ఫైలు మొదటి పేజీలో మందు పేరు, ఏమైందో, ఏ నెలలో అయిందో పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి, ఫోన్లో కూడా ఒక ఫోటో ఉంచండి. అలాగే సైడ్ ఎఫెక్ట్‌ను ప్రభుత్వానికి తెలియజేసే ఏర్పాటు ఉంది, ఫార్మకోవిజిలెన్స్ వాళ్ల టోల్ ఫ్రీ నంబర్ 1800-180-3024. డాక్టరే చేయాలని లేదు, పేషెంట్ గానీ ఇంట్లోవాళ్లు గానీ చేయొచ్చు. చేసేటప్పుడు స్ట్రిప్ పక్కన పెట్టుకోండి, బ్యాచ్ నంబర్ అడుగుతారు.